బ్యారన్ పొయ్యి ఆరబోయిన రాత్రి

టంగుటూరు పక్కన మా ఊరు. పొగాకు తప్ప ఇంకో పంట ఎరగం. మూడేళ్ల కిందట, పొగాకును వేడి పెట్టి ఆరబెట్టే గది, అదే బ్యారన్‌లో, ఆకు ఉండగా రాత్రి కాపలా నాది. వేడి కాస్త అటూఇటూ అయితే బ్యారనంతా రంగు చెడిపోతుంది. తెల్లారుజామున మంట తగ్గిపోతా ఉంది. కట్టెలు చేతికందే దూరంలోనే ఉన్నాయి. చెయ్యి లేవలేదు. ఆకూ పోనీ, నేనూ పోనీ అనిపించింది. బద్ధకం కాదది. బద్ధకానికి అంత భయం ఉండదు.

మా ఆవిడ లేచొచ్చి చూసింది. ఒక్క మాటనలేదు. కట్టెలు ఎగదోసి, నా జేబులోంచి పురుగుమందుల కొట్టం తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. తెల్లారేదాకా నా పక్కనే కూచుంది.

అప్పటికే రెండేళ్లుగా డిప్రెషన్‌కు మాత్రలు మింగుతున్నా. ఒంగోలులో మొదట చూపించుకున్న డాక్టరు మా ఆవిడ ముందే, "నీకేం తక్కువయ్యా? పనిలో పడితే అదే పోద్ది" అన్నాడు. పనిలోనే ఉన్నా సార్, పొద్దున నాలుక్కి లేచే రైతును. ఆ మాట పట్టుకునే ఇంకో డాక్టరు దగ్గరికి పోవడానికి ఏడాది పట్టింది నాకు. ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

చివరికి రైలెక్కి మద్రాసు పోయాం. అక్కడి డాక్టరమ్మ తెలుగులో ఓపిగ్గా చెప్పింది. రెండు రకాల మందులు సరైన మోతాదులో, సరిపడా వారాలు వాడినా తగ్గకపోతే దాన్ని మొండి డిప్రెషన్ అంటారంట. నాకు కెటమిన్ ఎక్కిద్దామంది. అది ఆపరేషన్లకు మత్తిచ్చే మందు. 1970 నుంచీ మనుషులకు వాడుతున్నారు. డిప్రెషన్‌కు చాలా తక్కువ మోతాదు, కిలో బరువుకు అర మిల్లీగ్రాము, 40 నిమిషాల పాటు సెలైన్‌లో. దీనికి వాడటం అందరూ ఒప్పుకున్న పద్ధతి కాదనీ, బీపీ పెరగొచ్చనీ, గుణం కొన్నాళ్లకే తగ్గిపోవచ్చనీ ముందే చెప్పి సంతకం తీసుకుంది. దాచలేదు, అందుకే నమ్మాను.

మూడు వారాల్లో ఆరుసార్లు ఎక్కించారు. ఒళ్లు నాది కానట్టు, చేతులు ఎవరివో అయినట్టు ఉండేది. మొదటిసారి హడలిపోయా. నర్సమ్మ చెయ్యి పట్టుకుని, "ఇక్కడే ఉన్నా అన్నా, అదే పోద్దిలే" అంది.

మందు ఒక్కటే బాగుచేసిందంటే అబద్ధం. వాన పడ్డాక పదునారకముందే విత్తుకోవాలి గదా, ఇదీ అంతే. మర్నాడు మనసు కాస్త మెత్తబడి ఉన్నప్పుడే సైకాలజిస్టు కూచోబెట్టి మాట్లాడించేవాడు. వేలం ఫ్లోరు మీద నా బేళ్లన్నీ నో బిడ్ అయి, కొనేవాడు లేక మిగిలిపోయిన రోజు గురించి అక్కడే మొదటిసారి నోరు విప్పాను. మా నాన్న ఆ వారంలోనే పోయాడు. ఆయన్ని నేనే చంపానని అన్నేళ్లూ లోపల మోశాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆ పూట చెప్పాను, ఏడ్చాను.

ఆరోసారి ఎక్కించిన పది రోజులకు మళ్లీ కుంగిపోయా. ఇంకోసారి పోయొచ్చాం. ఇప్పుడు మాత్ర, నెలకోసారి మాటలు, అంతే.

"పశువుల మత్తుమందు ఎక్కించుకొచ్చాడు" అని మా పెదనాన్న కొడుకు రచ్చబండ కాడ అన్నాడంట. అనుకోనీ. నాలాగా రాత్రుళ్లు కూచునేవాళ్లు ఎవరన్నా ఉంటే వాడి మాట వినబాకండి. మనసు బాగోలేనోళ్లకు సాయం చేసే సర్కారు నంబరు 14416కు ఫోన్ చెయ్యండి, డబ్బు కట్టక్కర్లా, తెలుగులో మాట్లాడతారు.

మా అమ్మ మాలకొండకు మొక్కుకుంది. ఆ గుడి శనివారమే తెరుస్తారు, పోయి తీర్చుకొచ్చాం. స్వామి చూశాడంటది, నేను కాదనను. నన్ను ముందు చూసింది మాత్రం నా భార్య.

మొన్న మళ్లీ బ్యారన్ వెలిగించాం. కొట్టం తాళంచెవి ఇంకా ఆమె కొంగునే ఉంది. నేను అడగలేదు.