గవ్వలాటలో బోలెడు లెక్కలున్నాయి, కానీ వాటంతట అవి బయటికి రావు

"ఒక ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ కెప్టెన్ వయసెంత?" మీ ఇంట్లో రెండో క్లాసో మూడో క్లాసో చదివే పిల్లలుంటే ఈ లెక్క ఒకసారి అడిగి చూడండి. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ అనే ఊళ్ళో లెక్కల బోధన మీద పనిచేసేవాళ్ళు చిన్న క్లాసుల పిల్లలు 97 మందికి ఇలాంటి లెక్కే ఇచ్చారు, అందులో 76 మంది ఆ అంకెల్ని ఏదోటి చేసి జవాబు రాసేశారు. 26, 10 కూడితే 36, మనిషి వయసుకి సరిగ్గా సరిపోయింది, ఇంకేం కావాలి. ఆ పిల్లలకి తెలివి లేక కాదండీ. బడిలో ఇచ్చే ప్రతి లెక్కకీ జవాబు ఉండి తీరుతుందని, ఇచ్చిన అంకెలన్నీ వాడాల్సిందేనని, పాఠం కూడికలదైతే కూడాలని వాళ్ళు బాగా కనిపెట్టేశారు, అంతే.

దీనికి పూర్తిగా అటువైపుది ఇంకోటి ఉంది. 2025 ఫిబ్రవరిలో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళ టీమ్ స్టడీ ఒకటి వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో కూరగాయలూ అవీ అమ్మే పిల్లలు 1400 మందికి పైగా. వాళ్ళ దగ్గరికి మామూలు కస్టమర్లలాగా వెళ్ళి కావాలనే వంకర తూకాలు అడిగారు, కిలో 20 రూపాయల బంగాళాదుంపలు 800 గ్రాములు, కిలో 15 రూపాయల ఉల్లిపాయలు ఒక కిలో 400 గ్రాములు, 200 నోటు ఇచ్చి చిల్లర ఇమ్మన్నారు. (37 అవుతుంది, 163 వెనక్కి ఇవ్వాలి, నేను కాగితం తీసుకునే చేశాను.) ఎక్కువమంది పిల్లలు నోటితోనే కరెక్టుగా చెప్పేశారు. అదే పిల్లలకి కాగితం మీద బడిలో ఇచ్చేలాంటి మామూలు తీసివేతలు, భాగహారాలు ఇస్తే చాలామంది ఆగిపోయారు. బడికెళ్ళే పిల్లలేమో కాగితం మీద నయం, బేరం లెక్క పెడితే తడబడ్డారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఏంటంటే, ఇక్కడున్న ఆలోచన అక్కడికి దానంతటది నడిచి వెళ్ళదు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. అందుకే "పిల్లల్ని ఆడుకోనివ్వండి చాలు, ఆటల్లోనే లెక్కలొచ్చేస్తాయి" అని ఈమధ్య చాలామంది అంటుంటే నేను ఒప్పుకోలేను. అలా అని ఒకటో క్లాసు నుంచే రోజూ వర్క్‌షీట్లు రుద్దడం, ఐదేళ్ళకే స్పీడు క్లాసులు, వాటితో అసలే ఒప్పుకోలేను. ఆట కావాలి, ఆట అయ్యాక ఏం చేశావో మాటల్లో చెప్పించాలి, దాన్నే కాగితం మీద పెట్టించాలి, ఆ చివరి రెండూ పెద్దవాళ్ళ పని.

మా ఇంట్లో దీనికి పనికొచ్చిన ఆట అష్టా చెమ్మా. వేసవి సెలవల్లో తెనాలిలో మా అమ్మ దగ్గర పిల్లలందరూ చేరితే మధ్యాహ్నం ఎండకి బయటికి పోనివ్వం, కాబట్టి హాల్లో గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీయడంతో మొదలు. అసలు ఆ గీయడంలోనే మొదటి లెక్క ఉంది. అడ్డం 5, నిలువు 5, మొత్తం 25 గళ్ళు కావాలి. మా అక్క కొడుకు, మూడో క్లాసు అయిపోయి నాలుగుకి వెళ్తున్నాడు, టకటకా ఇటు 5 గీతలు అటు 5 గీతలు గీసేశాడు. చూస్తే 16 గళ్ళే. "పిన్నీ, గీతలు సరిగ్గానే గీశాను కదా!" అని వాడికి చాలా ఆశ్చర్యం. నేనేం చెప్పలేదు, మా అమ్మ చెప్పబోతుంటే సైగ చేసి ఆపాను. వాడు వేలు పెట్టి గీతలు లెక్కపెట్టి, గళ్ళు లెక్కపెట్టి, మళ్ళీ గీతలు లెక్కపెట్టి, కాసేపటికి "ఆ చివర మూయడానికి ఇంకోటి కావాలి" అన్నాడు. మరి వరుసకి 10 గళ్ళు కావాలంటే? 11. నూరు గళ్ళకి? 101. ఎందుకూ అంటే "ప్రతి గడికీ ముందు ఒక గీత ఉంటుంది, ఆఖరి దానికి మాత్రం వెనక కూడా ఉండాలి" అన్నాడు. ఏ క్లాసులో చెప్పినా ఇంతకంటే బాగా చెప్పలేరు అనిపించింది నాకు.

ఆ ఆగడం గురించి ఒక మాట. అమెరికాలో మేరీ బడ్ రో అని ఒకావిడ 1970ల్లో క్లాసురూముల్లో రికార్డు చేసి చూస్తే టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను ఆగుతున్నారట, అంతే, వెంటనే ఇంకొకర్ని అడగడమో వాళ్ళే చెప్పేయడమో. మూడు సెకన్లు ఆగితే చాలు, పిల్లల జవాబులు పొడుగవుతాయి, మామూలుగా నోరు మెదపని పిల్లలు కూడా మాట్లాడతారు అని ఆవిడ చూపించింది. మనం ఇంట్లో ఇంకా కంగారు మనుషులం.

ఇప్పుడు గవ్వలు. నాలుగు గవ్వలు వేస్తాం, ఒకటి వెల్లకిలా పడితే 1, రెండైతే 2, మూడైతే 3, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ అంటే 4, నాలుగూ బోర్లా పడితే అష్ట అంటే 8. కొన్ని ఆటలయ్యాక పిల్లలకి అనుమానం రానే వస్తుంది, 2 ఎందుకు ఊరికే పడుతోంది, అష్ట ఎందుకు ఇంత అరుదు అని. మా చిన్నదానికి ఆరేళ్ళు, దానికి పలక ఇచ్చి ఏది పడితే దాని కింద గీత పెట్టమన్నాను, ఐదో గీత అడ్డంగా. సాయంత్రానికి పలక నిండిపోయింది, 2 కింద వరుస అన్నిటికంటే పొడుగ్గా ఉంది. ఆరేళ్ళ పిల్లకి అది చాలు, దాని కళ్ళముందే పట్టిక తయారైంది.

పెద్దాడికి మాత్రం "ఎందుకు" కావాలి. నాలుగు గవ్వలతో మొదలెడితే గందరగోళం కాబట్టి ముందు రెండు నాణేలు, ఒకటి రూపాయి, ఒకటి ఐదు రూపాయలు. రెండూ బొమ్మ, రెండూ బొరుసు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు, మూడే రకాలు కాబట్టి మూడూ సమానంగా పడతాయి అన్నాడు. చాలామంది పెద్దవాళ్ళు కూడా ఇదే అంటారు. సరే వేసి చూడు అన్నాను. వేశాడు, కలగాపులగంగా పడేవే ఎక్కువొచ్చాయి. అప్పుడు వాడే పట్టుకున్నాడు, రూపాయి బొమ్మ ఐదు బొరుసు వేరు, రూపాయి బొరుసు ఐదు బొమ్మ వేరు, కాబట్టి మొత్తం నాలుగు. తర్వాత నాలుగు గవ్వలకీ నాలుగు రంగుల నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టి అన్ని రకాలూ నోట్‌బుక్‌లో రాయమన్నాను. మొత్తం 16 వస్తాయి. 1 పడేవి 4, 2 పడేవి 6, 3 పడేవి 4, చెమ్మ ఒకటే, అష్ట ఒకటే. మధ్యలో ఒకటి రెండుసార్లు రాశాడు, ఒకటి వదిలేశాడు, ఏదీ వదల్లేదని ఎలా తెలుస్తుంది అని అడిగితే చివరికి వరుసగా రాయడం వాడే కనిపెట్టాడు. నాకు ఆ 16 కంటే ఆ వరుసే ఎక్కువ ముఖ్యం.

గవ్వ నాణెం కాదు కాబట్టి ఈ 16 లెక్క దానికి అచ్చంగా సరిపోదు, ఒక్కో గవ్వ ఒక్కో వైపు మొగ్గుతుంది. గవ్వల బదులు చింతపిక్కలు అరగదీసి ఆడినా అంతే. "పిన్నీ, ఎర్రచుక్క గవ్వ ఎప్పుడూ వెల్లకిలానే పడుతుంది" అన్నాడు వాడు, మరి ఎప్పుడూనా, ఎక్కువసార్లా, ఎలా తేలుస్తావు అంటే దాన్నొక్కదాన్నే పట్టుకుని వేస్తూ కూర్చున్నాడు.

నాలుగైదేళ్ళ వాళ్ళకి ఇదంతా ఎక్కువే. వాళ్ళకి ఒకే వరుసలో 1 నుంచి 10 దాకా అంకెలేసిన గళ్ళు చాలు. సీగ్లర్, రమణి అనే పరిశోధకులు 2008లో అమెరికాలో పేద కుటుంబాల పిల్లలతో ఇలాంటి ఆటే ఆడించారు, రెండు వారాల్లో నాలుగు సార్లు, ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు. అంకెలున్న పట్టీ మీద ఆడినవాళ్ళకి అంకెల అవగాహన బాగా పెరిగింది, అంకెల బదులు రంగులున్న పట్టీ మీద ఆడినవాళ్ళకి పెరగలేదు. కాయ జరిపేటప్పుడు గడిలో ఉన్న అంకెనే పైకి చదవాలి, అంటే 5లో ఉండి 2 పడితే "ఒకటి, రెండు" కాదు, "ఆరు, ఏడు" అనాలి. చిన్నపిల్లలు చాలామంది తామున్న గడినే ఒకటి అని మొదలెడతారు, అది మాత్రం పక్కన కూర్చుని ఓపిగ్గా చూడాలి.

ఎక్కాలు వద్దా అంటారేమో, తప్పకుండా కావాలి. 8 మూళ్ళు నోటికి రాకపోతే ఇప్పుడు చెప్పబోయేది ముందుకే సాగదు.

మా ఇంటి రూల్ ప్రకారం కాయ బయట వరుసంతా తిరిగి లోపలి వరుసలోకి వెళ్ళి మధ్య గడిలో పండాలి. ఇంటి గడి నుంచి బయట 15, లోపల 8, మధ్యది 1, మొత్తం 24 అడుగులు. (కొందరిళ్ళలో ఎదుటివాళ్ళ కాయని చంపితేగాని లోపలికి పోనివ్వరు, అడుగులు మాత్రం అవే.) అన్నిటికంటే తక్కువ సార్లు వేసి ఒక కాయ పండించాలంటే ఎన్నిసార్లు వెయ్యాలి అని అడిగాను. "మూడు అష్టలు" అని వెంటనే అన్నాడు. రెండు సార్లలో ఎందుకు కాదు? "రెండుసార్లూ అష్టే పడినా 16 యే కదా, అంతకంటే పెద్దది గవ్వల్లో లేదు." సరే, ఒక్క అష్ట కూడా పడకపోతే? ఆరు చెమ్మలు. మరి అష్టా చెమ్మా రెండూ పడకుండా? ఎనిమిది మూళ్ళు అని మా చిన్నది వేళ్ళు ముడిచి చెప్పింది. అక్కడ వాడొక ప్రశ్న వేశాడు, అచ్చంగా 5 సార్లలో పండించడానికి ఎన్ని దారులున్నాయి అని, 8, 8, 4, 3, 1 ఒకటి దొరికింది, 8, 4, 4, 4, 4 ఇంకోటి, మిగతావాటి కోసం ఇంకా రాస్తున్నాడు.