విశాఖ పెదవాల్తేరు షెడ్డులో శాన్ స్టార్మ్ ఇంజిన్ దించి ఎక్కించాం

నా దగ్గరున్నది శాన్ స్టార్మ్. గోవాలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఒళ్లంతా ఫైబర్ గ్లాసు, ఇంజిన్ మాత్రం ఫ్రాన్సుకు చెందిన రెనోది, 1149 సీసీ. సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది కానీ బండి ముందుకు సాగడం లేదు. క్లచ్ జారుతోంది. కిందికి వంగి చూస్తే ఇంజిన్, గేర్‌బాక్సు కలిసే చోట ఆయిల్ చుక్కలు. ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్, దాని వెనక ఆయిల్ కారకుండా ఆపే సీలు పోయి, ఆయిల్ క్లచ్ ప్లేటు మీద పడుతోందన్నమాట. గేర్‌బాక్సు ఒక్కటే దించినా సీలు మార్చవచ్చు. కానీ ఇంజిన్‌ను కారుకు పట్టి ఉంచే మౌంటింగుల రబ్బరు కూడా చితికిపోయింది, టైమింగ్ బెల్టు ఎప్పటిదో తెలియదు. అందుకే మొత్తం బయటికి తీయాలనుకున్నాను.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మా షెడ్డు రేకులన్నీ ఎత్తుకుపోయింది. మళ్లీ కట్టినప్పుడు బాబాయి పట్టుబట్టి మధ్యలో ఇనుప దూలం వేయించాడు. షిప్‌యార్డులో బరువులెత్తే పనిలో రిటైరైన మనిషి, ఆయన ముందుచూపు ఇప్పుడు పనికొచ్చింది. ఆ దూలానికి టన్ను బరువెత్తే గొలుసు కప్పీ, అంటే చైన్ బ్లాక్, అద్దెకు తెచ్చి తగిలించాం.

ఇంజిన్ ఎత్తడమే పెద్ద పని అనుకుంటారు. సముద్రం పక్కన ఉండేవాళ్లకు అసలు పని బోల్టులతోనే. ఫైబర్ గ్లాసుకు తుప్పు పట్టదు, కింద ఉన్న ఉక్కును మాత్రం ఉప్పుగాలి వదలదు. మౌంటింగు బోల్టులు, సైలెన్సర్ గొట్టం నట్లు, చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టుల చివరి నట్లు అన్నీ ఒకే ముద్దగా అతుక్కుపోయాయి. మామూలు కారైతే గ్యాస్ మంటతో కాల్చి విప్పుతారు. ఇక్కడ పక్కనే పెట్రోలు గొట్టం, చుట్టూ మంట తగిలితే అంటుకునే ఫైబర్ గ్లాసు రెసిన్. బాబాయి గ్యాస్ మాటే ఎత్తనివ్వలేదు. ముందు తీగ బ్రష్షుతో మరలు శుభ్రం చేశాం. తుప్పు వదిలించే ద్రవం కొట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున్నే ఆరు మూలల సాకెట్ పట్టుకుని, ముందు బిగించే వైపుకు వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపుకు. మళ్లీ ద్రవం, మళ్లీ తిప్పడం. పన్నెండు మూలల రింగ్ స్పానర్ బోల్టు తలలను గుండ్రంగా అరగదీస్తుంది, ఇలాంటి చోట దాన్ని దగ్గరికి కూడా రానివ్వకూడదు.

బ్యాటరీ, రేడియేటర్, గొట్టాలు త్వరగానే వచ్చేశాయి. ప్రతి వైరుకూ తెల్ల టేపు చుట్టి, ఎక్కడిదో రాశాను. గేర్‌బాక్సు ఆయిల్ వంచేశాకే డ్రైవ్ షాఫ్టులు లాగాం. ఎత్తేటప్పుడు గేర్‌బాక్సు వైపు గొలుసు కాస్త పొడుగ్గా వదిలి, ఆ కొస కిందికి వాలేలా కట్టాడు బాబాయి. నేను గొలుసు లాగాను, ఆయన ఇంజిన్ ఊగకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. “నువ్వు తొందరపడకు, అది నీ కోసం ఆగుతుంది” అన్నాడు. కాసేపటికే అది గాలిలో ఉంది.

ఈ కారుకు విడిభాగాలు దొరకవని అందరూ భయపెడతారు. ఆయిల్ సీలుకు కారు పేరు అవసరం లేదు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం చెబితే బేరింగుల దుకాణంలో ఇస్తారు. క్లచ్ ప్లేటుకు గాజువాక ఆటోనగర్‌లో కొత్త లైనింగు వేయించి రివెట్లు కొట్టించాను. క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు పనికొచ్చేలాగే ఉంది. సీలు అంచుకు ఆయిల్ రాసి, వంకర పోకుండా చుట్టూ సమంగా తట్టాం.

గేర్‌బాక్సును మళ్లీ ఇంజిన్‌కు కలపడం దగ్గర ఒక పూట పోయింది. క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో ఉండకపోతే షాఫ్టు దూరదు. ఒక వడ్రంగి దగ్గర కొలత ప్రకారం గుండ్రటి చెక్క మేకు చేయించి, దానితో మధ్యకు తెచ్చి ప్రెజర్ ప్లేటు బిగించాం. అయినా చివర కాస్త సందు మిగిలింది. బోల్టులతో లాగి దగ్గరికి తేవాలనిపిస్తుంది. అలా లాగితే గేర్‌బాక్సుకు బోల్టులు పట్టే అల్యూమినియం చెవులు విరుగుతాయి. బాబాయి క్రాంక్‌ను స్పానర్‌తో మెల్లగా తిప్పుతుంటే నేను గేర్‌బాక్సును ఊపాను. షాఫ్టు పళ్లు క్లచ్ ప్లేటు పళ్లతో కలిశాక ఆ సందు దానంతటదే మూసుకుపోయింది.

ఇంజిన్‌ను మళ్లీ కారులోకి దింపాక మౌంటింగు బోల్టులన్నీ ముందు చేతితోనే ఎక్కించి, ఇంజిన్‌ను కదిపి, అది తన చోట కూర్చున్నాకే బిగింపు కొలిచే టార్క్ రెంచ్ పట్టాం. మౌంటింగు రబ్బర్ల మీద బరువు సమంగా పడకపోతే స్టీరింగ్ దాకా వణుకు వస్తుంది. స్పార్క్ ప్లగ్గులు తీసి, పెట్రోలు పంపు ఫ్యూజు లాగేసి, డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెజర్ దీపం ఆరేదాకా స్టార్టర్ తిప్పాం. తర్వాత అన్నీ బిగించి తాళం తిప్పితే మామూలుగానే అందుకుంది. హీటర్ గొట్టంలో చిక్కుకున్న గాలి పోయేదాకా కూలెంట్ పోస్తూ నిలబడ్డాం.

మర్నాడు సింహాచలం ఘాట్‌లో మూడో గేరులో ఎక్కించాను. క్లచ్ జారలేదు, కింద చుక్క పడలేదు. సైలెన్సర్ జాయింటు దగ్గర మాత్రం సన్నగా టక్‌టక్ వినిపిస్తోంది. గ్యాస్కెట్ కొని పెట్టాను, ఇంకా వేయలేదు.