మిడిల్ స్కూల్‌లో స్పానిష్: పట్టికలు తర్వాత చూద్దాం

మొదటి వారమే బోర్డు మీద క్రియారూపాల పట్టిక వేసే పద్ధతంటే నాకు ఒళ్లు మంట. 11, 12 ఏళ్ల పిల్లలకి భాష కన్నా పక్కవాళ్లు నవ్వుతారేమోనన్న టెన్షనే ఎక్కువ, అందుకే మొదట్లో వాళ్లని మాట్లాడమని అస్సలు అడగను. ‘లెవాంతెన్సే’ అంటూ నేను లేస్తే వాళ్లూ లేస్తారు, ‘సియెంతెన్సే’ అంటే కూర్చుంటారు, కాసేపయ్యాక నేను కదలకుండా నోటితో మాత్రమే చెప్తాను, అప్పుడు చూడాలి ఆ తికమక! 1960ల్లో జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్ట్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది.

ఉచ్చారణకి పెద్దగా కష్టపడక్కర్లేదు, అచ్చులు ఐదే, ఎక్కడున్నా దాదాపు ఒకేలా పలుకుతాయి.

అసలు తలనొప్పి లింగాలతో. టేబుల్ స్త్రీలింగం ఎందుకైందని ఎవరో ఒకరు అడుగుతారు (అడగాలి కూడా), అర్థాన్ని బట్టి కారణం వెతకొద్దని చెప్పేయడమే మేలు. ‘ఓ’తో ముగిస్తే పుంలింగం, ‘ఆ’తో ముగిస్తే స్త్రీలింగం అని చెప్పి ఊరుకుంటే ‘ఎల్ మాపా’ (మ్యాప్, ‘ఆ’తో ముగిసినా పుంలింగం), ‘లా మానో’ (చెయ్యి, ‘ఓ’తో ముగిసినా స్త్రీలింగం) దగ్గర పిల్లలకి అడ్డంగా దొరికిపోతాం, కాబట్టి ప్రతి నామవాచకాన్నీ ముందు వచ్చే ‘ఎల్’తోనో (పుంలింగానికి) ‘లా’తోనో (స్త్రీలింగానికి) కలిపే పలికిస్తాను. విడిగా మాత్రం రాయనివ్వను.