నొప్పి లేదన్న చీలమండ

మా వాడికి ఏడేళ్లు. తీవ్రమైన హీమోఫీలియా ఎ, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు. గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ వాడి రక్తంలో మామూలుగా ఉండాల్సిన దానిలో ఒక శాతం కన్నా తక్కువ. పాకే వయసులో మోకాళ్ల మీద, ఛాతీ మీద నల్లగా కమిలిన మచ్చలు చూసి పరీక్షలు చేయిస్తే బయటపడింది. రెండున్నరేళ్లప్పుడు కుడి మోకాల్లో మొదటి బ్లీడ్ అయింది, అంటే కీలు లోపల రక్తం కారింది. అప్పటినుంచి ముందుజాగ్రత్తగా వారానికి రెండుసార్లు ఫ్యాక్టర్ ఎక్కిస్తున్నాం. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఏ రోజు ఎన్ని యూనిట్లు ఇచ్చాం, ఏ కీలు వాచింది, వాపు ఎప్పటికి తగ్గింది, అన్నీ అందులో రాస్తాను. ఆ పుస్తకం ప్రకారం ఇన్నేళ్లలో కుడి మోకాలు మూడుసార్లు, ఎడమ మోచేయి ఒకసారి. చీలమండలకు కేటాయించిన పేజీలు ఖాళీ.

ఆ ఖాళీ పేజీలను నేను ఎంత నమ్మానో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మా భయమంతా కుడి మోకాలి మీదే ఉండేది. మూడోసారి బ్లీడ్ అయి తగ్గాక, లోపల ఏమైనా మిగిలిందేమో చూద్దామని డాక్టరు అల్ట్రాసౌండ్ రాశారు. మామూలుగా స్కానింగ్‌లు తీసే ఒక చోటికి వెళ్లాం. అక్కడ కుడి మోకాలు ఒక్కటే చూశారు, రెండు నిమిషాల్లో అయిపోయింది. రిపోర్టులో ఒకటే వాక్యం: కీలులో ద్రవం చేరినట్టు కనబడుతోంది. వాడేమో మెట్లు ఎక్కి దిగుతున్నాడు, వాపు లేదు, వేడి లేదు. అయినా ద్రవం అంటే మా ఇంట్లో రక్తమనే అర్థం. ఆ రాత్రి ఎక్కువ ఫ్యాక్టర్ ఇచ్చాం. వారం రోజులు బడి మాన్పించి కాలు కదపనివ్వలేదు. ఆ వారమంతా నాకు టెన్షన్‌తో నిద్ర లేదు.

తర్వాత మేము చూపించుకునే హీమోఫీలియా డాక్టరమ్మ, స్కాన్ తానే స్వయంగా చేస్తానని రమ్మన్నారు. హీమోఫీలియా పిల్లల కీళ్లు చూడటంలో ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్నారట. పొట్టి నిక్కరు వేయించండి, నోట్‌బుక్ తెండి, అంతకు మించి ఏమీ అక్కర్లేదు అన్నారు. మత్తు ఇవ్వరు, సూది ఉండదు, ఎక్స్‌రే లాంటి రేడియేషన్ కూడా ఉండదు. ఎమ్మారై అయితే చిన్నపిల్లలు అంతసేపు కదలకుండా ఉండలేరు కాబట్టి చాలాసార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ఆ భయంతోనే మేము ఎమ్మారై వాయిదా వేస్తూ వచ్చాం.

"నొప్పి పెడుతుందా?" అన్నాడు గదిలోకి వెళ్లగానే. సూదులతో పెరిగిన పిల్లాడు, ఎక్కడికెళ్లినా వాడి మొదటి ప్రశ్న అదే. డాక్టరమ్మ కొంచెం జెల్ వాడి అరచేతిలో వేసి, "ఇదే, చల్లగా ఉంటుంది. అంతే నాన్నా" అన్నారు. ప్రోబ్‌ను, అంటే ఒంటి మీద ఆనించి స్కాన్ చేసే పరికరాన్ని, వాడి చేతికిచ్చి ముందు తన మణికట్టు మీద పెట్టమన్నారు. తెరమీద గీతలు కదలడం చూశాక వాడే మంచమెక్కి కాళ్లు చాపాడు.

మొదట కుడి మోకాలు. బాగా మడవమని, చిప్ప పైభాగంలో ప్రోబ్ పెట్టారు. తెల్లటి వంపు గీత ఒకటి, దాని మీద నల్లటి మందపాటి పట్టీ. నా గుండె ఝల్లుమంది. రిపోర్టులో రాసిన ద్రవం ఇదే కదా అని అడిగాను. ఆవిడ ఏమీ అనకుండా ఎడమ మోకాలు మడిపించి అదే చోట ప్రోబ్ పెట్టారు. అచ్చం అలాంటి నల్లటి పట్టీయే, అంతే మందం. "ఇది మృదులాస్థి అమ్మా, ఎముక చివర ఉండే నున్నటి తొడుగు. ఎదిగే పిల్లల్లో మందంగా ఉంటుంది, స్కాన్‌లో నల్లగా కనబడుతుంది. ద్రవం కూడా నల్లగానే కనబడుతుంది. అందుకే రెండు వైపులా చూసి పోల్చుకోవాలి" అన్నారు. ప్రోబ్‌తో మెల్లగా నొక్కి చూపించారు. ద్రవమైతే నొక్కినప్పుడు పక్కకు జరుగుతుంది, ఇది జరగలేదు. మూడు బ్లీడ్లు చూసిన ఆ మోకాల్లో లోపలి పొర కొద్దిగా మందంగా ఉంది తప్ప ద్రవం లేదు. వారం రోజులు పిల్లాణ్ని మంచానికి కట్టేసినట్టు ఉంచింది వాడి ఆరోగ్యమైన మృదులాస్థిని చూసి.

నేను లేవబోయాను. ఇంకా ఉందన్నారు. హీమోఫీలియాలో ఎక్కువగా దెబ్బతినేవి రెండు మోకాళ్లు, రెండు మోచేతులు, రెండు చీలమండలు. బాధ ఉన్నా లేకపోయినా ఆరూ చూడాలి. దీనికోసం హెడ్-యూఎస్ అనే పద్ధతి ఉంది, 2013లో ప్రచురించారు. ప్రతి కీలులో మూడు విషయాలు చూసి మార్కులు వేస్తారు. లోపలి పొర వాపుకు 2 వరకు, మృదులాస్థికి 4 వరకు, ఎముక అంచుకు 2 వరకు. మొత్తం 8. మార్కులు ఎంత తక్కువైతే అంత మంచిది. మా వాడు ఇది విని ప్రతి కీలుకూ "దీనికెంత?" అని అడగడం మొదలుపెట్టాడు.

మోచేతులు రెండూ సున్నా. ఎడమ చీలమండ సున్నా. కుడి చీలమండ దగ్గర ఆవిడ చేయి ఆగింది. పాదాన్ని కిందికి వంచమన్నారు, అలా వంచితే లోపలి ఎముక మీది మృదులాస్థి బాగా కనబడుతుందట. మళ్లీ ఎడమ పాదం, మళ్లీ కుడి పాదం. ఎముకల సందు ముందు భాగంలో బూడిదరంగులో ఉబ్బిన ముద్దలాంటిది కనబడింది. నొక్కితే జరగలేదు. తర్వాత ఏదో బటన్ నొక్కారు, ఆ ముద్ద మధ్యలో రెండు మూడు నారింజరంగు చుక్కలు మిణుకుమన్నాయి. అది డాప్లర్, రక్తప్రవాహాన్ని చూపిస్తుంది.

"ఇక్కడ ఎప్పుడైనా నొప్పి వచ్చిందా నాన్నా?"

"లేదు."

నేను నోట్‌బుక్ తెరిచి ఖాళీ పేజీ చూపించాను. నా గొంతులో కొంచెం పట్టుదల కూడా ఉందేమో. ఆవిడ పుస్తకం తీసుకుని చూసి, "మీరు తప్పు రాయలేదమ్మా. కనబడినవన్నీ రాశారు" అన్నారు.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. కీలు లోపల సైనోవియం అనే పలుచటి పొర ఉంటుంది. కీలులోకి రక్తం వస్తే దాన్ని శుభ్రం చేసే పని ఆ పొరదే. కానీ రక్తంలోని ఇనుము ఆ పొరలోనే పేరుకుంటుంది. పొర వాచి మందమవుతుంది, అందులో కొత్త రక్తనాళాలు పుడతాయి. అవి సున్నితమైనవి, కొంచెం ఒత్తిడికే చిట్లుతాయి. మళ్లీ రక్తం, మళ్లీ వాపు. ఈలోగా పక్కనున్న మృదులాస్థి అరిగిపోతుంది. పొర వాపును తగ్గించవచ్చు, పోయిన మృదులాస్థిని మాత్రం వెనక్కి తేలేం. ఎక్స్‌రేలో తేడా కనబడేసరికి చాలావరకు ఆ దశ దాటిపోతుంది.

వాపు, నొప్పి లేకుండా కూడా కొద్దికొద్దిగా రక్తం కారవచ్చట. అమెరికాలో 65 మంది మగపిల్లలతో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం గురించి చెప్పారు. క్రమం తప్పకుండా ఫ్యాక్టర్ తీసుకున్న పిల్లల్లో 93 శాతం మందికి ఆరేళ్ల వయసులో ఎమ్మారైలో కీళ్లు బాగున్నాయి. బ్లీడ్ అయినప్పుడు మాత్రమే తీసుకున్నవాళ్లలో 55 శాతం మందికే బాగున్నాయి. ఇంకో సంగతి, ఎప్పుడూ బ్లీడ్ అయినట్టు ఎవరికీ తెలియని కీళ్లలో కూడా కొందరికి నష్టం కనబడింది. ఆ మాట విన్నాక నా నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టేసుకున్నాను.

కుడి చీలమండకు వేసిన మార్కు 1. పొర వాపుకు మాత్రమే. మృదులాస్థి, ఎముక బాగున్నాయి.

ఇంటికి వచ్చాక ఆ రాత్రి పక్కన పడుకోబెట్టుకుని మెల్లగా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పొద్దున లేవగానే ఆ పాదం బిగుసుకుపోయినట్టు ఉంటుందని, కాసేపు నడిస్తే పోతుందని చెప్పాడు. ఎందుకు చెప్పలేదురా అంటే, "చెప్తే ఇంకో సూది వేస్తారు, ఆడుకోనివ్వరు కదమ్మా" అన్నాడు. గొంతుక్కూర్చున్నప్పుడు వాడి కుడి మడమ నేలకు ఆనదని నేను ఎన్నోసార్లు చూశాను. అలవాటనుకున్నాను. ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇవాళే ఒకసారి పిల్లల్ని గొంతుక్కూర్చోమని చెప్పి రెండు మడమలూ చూడండి.

చికిత్సలో మార్పులు జరిగాయి. ముందు ఇన్‌హిబిటర్ పరీక్ష చేశారు, అంటే మనం ఇచ్చే ఫ్యాక్టర్‌ను శరీరం తిప్పికొడుతోందా అని. లేదని వచ్చింది. పిల్లల్లో ఫ్యాక్టర్ 8 పెద్దవాళ్లలో కన్నా త్వరగా తగ్గిపోతుంది. వారానికి రెండుసార్లు ఇస్తున్నప్పుడు మధ్యలో ఒకటి రెండు రోజులు వాడి రక్తంలో దాదాపు ఏమీ మిగలడం లేదు. అందుకే రోజు విడిచి రోజుకు మార్చారు. ఫిజియో దగ్గర పిక్క కండరం సాగదీసే వ్యాయామాలు, ఒంటికాలి మీద నిలబడటం నేర్పించారు. గెంతే ఆటలు కొన్నాళ్లు ఆపి ఈత పెట్టమన్నారు. సూదులు పెరిగాయని వాడు మొదటి నెల బాగా ఏడ్చాడు. నరం దొరకని రోజుల్లో నేనూ ఏడ్చాను.

ఈ స్కాన్‌కు కూడా హద్దులున్నాయని డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. ధ్వని తరంగాలు ఎముకను దాటి వెళ్లలేవు కాబట్టి కీలు నడిమధ్య భాగం, ఎముక లోపలి భాగం కనబడవు. అనుమానం వస్తే ఎమ్మారై తప్పదు. చేసేవాళ్ల చేతిని బట్టి కూడా ఫలితం మారుతుంది. అది మాకు మొదటి రిపోర్టుతోనే తెలిసింది. అందుకే ఇప్పుడు వీలైనంతవరకు ఒకరి దగ్గరే చేయిస్తున్నాం, పాత బొమ్మలు పక్కన పెట్టి పోల్చమని అడుగుతున్నాం.

ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి ఏ పాదం ఎటు వంచాలో వాడికే తెలుసు. కుడి చీలమండలో ఆ ముద్ద చిన్నదైంది. బటన్ నొక్కితే రంగు చుక్కలు రాలేదు. మార్కు మాత్రం ఇంకా 1 దగ్గరే ఉంది. "సున్నా ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. "చూద్దాం నాన్నా, వ్యాయామం మానకు" అన్నారు.

నోట్‌బుక్‌లో ఇప్పుడు ఒక కొత్త గడి ఉంది: పొద్దున లేవగానే పాదం ఎలా ఉంది. అది నేను రాయను, వాడే రాస్తాడు. చాలా రోజులు "బాగుంది" అని ఉంటుంది. పోయిన మంగళవారం "కొంచెం బిగుసు" అని రాసి, నాకు చూపించి, మంచం మీద కూర్చుని చేయి చాపాడు.