తువ్వాలు బ్యాచ్

మన బ్యాచ్ సావనీర్ కమిటీ తరఫున, మనం వీటో అని పిలిచే మన క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "రెండు పేజీలు, ఆదివారం లోపల" అన్నాడు. దేని గురించి రాయాలి అంటే, "నువ్వు తువ్వాలు గురించి తప్ప ఇంకేం రాస్తావులే" అని పెట్టేశాడు. నిజమే. ఎనిమిదో తరగతి నాకు ఒక్క ముక్క గుర్తులేదు. పదో తరగతి మొత్తం ఒకటే స్లిప్ టెస్ట్‌లా కలిసిపోయింది. 2011 సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మాత్రం ఏ రోజు ఏం జరిగిందో చెప్పగలను.

మోడల్ యునైటెడ్ నేషన్స్‌కి, అంటే పిల్లలే ఒక్కో దేశం ప్రతినిధులై ఐక్యరాజ్యసమితి సభలా నడిపే పోటీకి, మన స్కూలు వెళ్లడం అదే మొదటిసారి. జూలైలో దక్షిణ సూడాన్ చేరి సభ్య దేశాలు 193 అయ్యాయని, జీకే బుక్‌లో 192 కొట్టేయించి మరీ రాయించారు సోషల్ మేడం. దేశాలు పంచిన రోజు క్లాస్ లీడర్‌కి ఫ్రాన్స్ వచ్చింది, బుల్లెట్‌కి బ్రెజిల్ వచ్చింది. నాకూ వీటోకీ కలిపి తువాలు. మేడం ఆ పేరు చదవగానే "మరి సబ్బు ఎవరికి మేడం?" అని లాస్ట్ బెంచ్‌లోంచి అరిచింది ఎవరో ఈసారైనా ఒప్పుకోవాలి.

గోడ మీది మ్యాప్‌లో ఆ దేశం దొరకలేదు. పసిఫిక్‌లో తొమ్మిది దీవులు, అన్నీ కలిపితే 26 చదరపు కిలోమీటర్లు, జనం పదివేలు. ఆ దేశం దేశమంతా వచ్చి కూర్చున్నా ఉప్పల్ స్టేడియంలో మూడో వంతు నిండదు. ఆ రాత్రి నేను ఏడ్చానని మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. స్కూలు మూతపడింది, తర్వాత బస్సులూ ఆగాయి. కుత్బుల్లాపూర్ నుంచి మేడం వచ్చే దారి లేదు. అప్పుడు తెలుగు సార్ కబురు పంపారు, నల్లకుంటలో తన ఇంటికి నడిచి రాగలిగిన పిల్లలు రమ్మని. ఐక్యరాజ్యసమితికి తెలుగు సార్ ఏం చెప్తారని వెళ్లే దారంతా మాట్లాడుకున్నాం.

సార్ అప్పటికే మేడం దగ్గరున్న నమూనా తీర్మానం తెప్పించుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని రాత్రంతా చదివారు. మేం కూర్చోగానే అడిగారు, "దీంట్ల వాక్యాలెన్ని?" మూడు పేజీలుంది. బుల్లెట్ నలభై అన్నాడు. "ఒక్కటే" అన్నారు సార్. చూస్తే నిజంగానే కామాలు, సెమీకోలన్లు తప్ప, ఫుల్‌స్టాప్ ఆఖరి పేజీ చివర ఒక్కటే ఉంది. "కర్త ఒక్కడే, జనరల్ అసెంబ్లీ. పైనంతా గుర్తు చేసుకుంటూ, గమనిస్తూ, ఆందోళన చెందుతూ. ఏందిరా ఇవి?" శత్రర్థకాలు సార్, అన్నాం అందరం ఒకేసారి. "కిందంతా కోరుతుంది, సిఫార్సు చేస్తుంది. ఇవి సమాపక క్రియలు. మీకు రానిదేముంది ఇంక?" నెలరోజులుగా ఉన్న టెన్షన్ ఆ పూట దిగిపోయింది. మాకు మార్కుల కోసం నేర్పిన వ్యాకరణమే దేశాలు మాట్లాడుకునే భాషకూ పనికొచ్చిందని అప్పుడు తెలిసింది.

ఐక్యరాజ్యసమితి ఎక్కడో ఉందనుకోకండి అని సార్ మన ఊరి కథ చెప్పింది కూడా ఆ వరండాలోనే. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేయడం, సెప్టెంబర్ 16న పారిస్‌లో అది చర్చకు రావడం, మర్నాడే నిజాం లొంగిపోవడం. సోషల్ పుస్తకంలో ఇది ఎందుకు లేదని క్లాస్ లీడర్ అడిగిన ప్రశ్నకు సార్ జవాబు మీకు గుర్తుండే ఉంటుంది.

సెప్టెంబర్ ఆఖర్లో వీటో విద్యానగర్ నెట్ సెంటర్ నుంచి ఒక ప్రింట్ తెచ్చాడు. తువాలులో వానల్లేక ఎమర్జెన్సీ పెట్టారు. చుట్టూ సముద్రం, తాగడానికి నీళ్లు లేవు. ఇంటికి రోజుకు రెండు బకెట్లు. సార్ అది చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి కేకేసి అమ్మగారిని అడిగారు, రోజుకు రెండే బకెట్లిస్తే ఎట్ల సర్దుతవు అని. ఆవిడ చేతిలో చేట అలాగే పట్టుకుని వేళ్ల మీద లెక్క చెప్పారు. ముందు తాగేందుకు ఒక బిందె తీసి మూత పెడతా. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తోముతా. ఆ నీళ్లే తేర్చి బాత్‌రూమ్‌కి. స్నానం పసిపిల్లలకే, పెద్దవాళ్లకు తడిగుడ్డ. సార్ నా వైపు తిరిగి "ఇదే మీ దేశం మాట. ముందు తెలుగుల చెప్పు బిడ్డా. తెలుగుల రానిది ఇంగ్లీషుల యాడికెళ్లి వస్తది?" అన్నారు.

నవంబర్‌లో రెండు రోజులు, ఊరికి ఆ చివర స్కూల్లో. వాళ్లంతా బ్లేజర్లు, మనం నీలం స్వెటర్లు. రోల్ కాల్‌లో "ప్రెజెంట్ అండ్ ఓటింగ్" అన్నాం, ఓటు తప్పించుకోకుండా. మొదటి రోజంతా ప్లకార్డు ఎత్తి ఎత్తి నా భుజం పీకింది, సభ నడిపే చైర్ కళ్లకు తువాలు ఆనలేదు. రెండో రోజు మోడరేటెడ్ కాకస్‌లో, అంటే చైర్ పిలిచినవాళ్లే మాట్లాడే చర్చలో, ఒక్క నిమిషం దొరికింది. అక్కడ "నేను" అనకూడదు కదా, "తువాలు ప్రతినిధి" అంటూ అమ్మగారి లెక్క వరసగా చెప్పాను. తడిగుడ్డ దగ్గరికొచ్చేసరికి హాల్లో కాగితం చప్పుడు కూడా లేదు. ఆ తర్వాత అన్‌మోడరేటెడ్‌లో, అందరూ లేచి తిరుగుతూ బేరాలాడుకునేప్పుడు, వీటో ఏం చేశాడో మీ అందరికీ తెలుసు. మన నీళ్లు తీర్మానంలో ఏడో క్లాజ్‌గా ఎక్కాకే సంతకం పెట్టాడు.

అవార్డు బ్లేజర్లకే వెళ్లింది. తిరిగొచ్చే బస్సులో సార్ తీర్మానం ప్రింటు తీసుకుని ఎర్ర పెన్నుతో చదవడం మొదలుపెట్టారు. ఆరో క్లాజ్ చివర ఆగారు. టైపు చేసిన పిల్లలెవరో అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టేశారు. "మన నీళ్లు వాక్యం బయట పడ్డయి బిడ్డా" అన్నారు. నేను భయపడిపోయాను. సార్ ఆ చుక్క కింద జాగ్రత్తగా ఒక కామా పెట్టారు. చుక్క సెమీకోలన్ అయింది. వాక్యం ఏడో క్లాజ్‌లోకి సాగింది.

ఆ కరువులో తువాలుకు న్యూజిలాండ్ విమానంలో ఉప్పునీటిని మంచినీళ్లు చేసే యంత్రాలు పంపింది. డీశాలినేషన్ అనే మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఇప్పుడు చెన్నై దగ్గర, సముద్రం ఒడ్డున అలాంటి ప్లాంట్‌లోనే ప్రాసెస్ ఇంజినీర్‌ని. నా షిఫ్ట్‌లో పదకొండు మంది పనిచేస్తారు. రోజుకు 10 కోట్ల లీటర్లు. ఉద్యోగం వచ్చిన రోజు సార్‌కి ఫోన్ చేస్తే, "బకెట్లల్ల చెప్పు" అన్నారు. ఇరవై లీటర్ల బకెట్లయితే యాభై లక్షలు సార్ అన్నాను. ఒక్క నిమిషం ఆగమని అమ్మగారికి ఫోన్ ఇచ్చారు. ఆవిడకు మళ్లీ మొదటి నుంచీ చెప్పాను.

మనం కలిసే రోజు సార్ వస్తానన్నారట, కమిటీ వాళ్లు చెప్పారు. అమ్మగారిని కూడా తీసుకురమ్మని ఎవరైనా గట్టిగా చెప్పండి. తీర్మానం మొదటి రెండు పేజీలు నా దగ్గర ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి తెస్తాను. మూడో పేజీ, సార్ ఎర్ర కామా పెట్టిన పేజీ, బస్సు దిగేటప్పుడు వీటో చేతిలో చూశాను. వీటో, ఇంట్లో వెతుకు.