నాలుక అడిగిన ఉప్పు

మా ఇంట్లో ఉప్పు తక్కువే వాడతాం. అత్తయ్యకు చాలా ఏళ్లుగా బీపీ ఉంది. అందుకని కూరలో సగం ఉప్పే వేసి, కావాల్సినవాళ్లు పళ్లెంలో చల్లుకోవడం అలవాటైపోయింది. అలాంటి ఇంట్లో నేను ఆవకాయ జాడీలో గరిటె పెట్టి, ముక్కలు వదిలేసి ఊట మాత్రం తోడుకోవడం మొదలుపెట్టాను. గ్లాసు మజ్జిగలో చెంచాడు ఉప్పు వేసుకునేదాన్ని. ఊరమిరపకాయల్ని వేయించే ఓపిక కూడా లేక, ఎండినవి ఎండినట్టే కొరికేదాన్ని. స్టాఫ్‌రూమ్‌లో జామకాయ ముక్కలు తెస్తే ముక్కల కంటే ముందు నాకు ఉప్పూకారం అయిపోయేది. "బీపీ తెచ్చుకుంటావమ్మాయ్" అని అత్తయ్య రోజూ అనేవారు. నిజానికి నా బీపీ అప్పటికే 90/60. లేచి నిలబడితే ఇంకా పడిపోయేది. నిలబెట్టి చూసినవాళ్లు మాత్రం లేరు.

దాంతోపాటు నల్లబడ్డాను. ఖమ్మం ఎండలకు ఎవరైనా నల్లబడతారు కాబట్టి ఎవరూ వింతగా అనుకోలేదు. శనగపిండి పట్టించమన్నవాళ్లు, కుంకుమపువ్వు తాగమన్నవాళ్లు, స్కూటీ మీద చున్నీ కట్టుకోమన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఎండ తగలని చోట్ల కూడా ఎందుకు నల్లబడుతున్నట్టు? అరచేతి గీతలు పెన్నుతో గీసినట్టు తేలాయి. చిగుళ్ల మీద నీలం మచ్చలు వచ్చాయి. ఆ మధ్యే కుక్కర్ ఆవిరి కొట్టి మోచేతి మీద పడిన మచ్చ ముదురు రంగు తేలింది. నేను లెక్కల టీచర్ని. బోర్డు మీద పై వరస రాయడానికి చెయ్యెత్తితే కళ్లు తిరిగి టేబుల్ పట్టుకునేదాన్ని. ఎనిమిది కిలోలు తగ్గితే, "ఏం డైట్ మేడమ్?" అని అడిగారు తోటి టీచర్లు.

ఒక డాక్టర్ రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువుందని థైరాయిడ్ మాత్ర రాశారు. అది మొదలుపెట్టాక ఇంకా దిగజారాను. ఎందుకో తర్వాత తెలిసింది. శరీరంలో కార్టిసాల్ అనే హార్మోను బొత్తిగా తక్కువున్నప్పుడు టీఎస్‌హెచ్ దానంతటదే కొంచెం పెరుగుతుంది. అప్పుడు థైరాయిడ్ మాత్ర వేస్తే, మిగిలిన కాస్త కార్టిసాల్ కూడా మరింత త్వరగా ఖర్చయిపోతుంది. నీరసం, బరువు తగ్గడం, నల్లబడటం, ఉప్పు మీద యావ, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే ఆ మాత్ర రాయకపోదురేమో అని ఇప్పటికీ కోపం వస్తుంది.

మే నెలలో వాంతులు మొదలయ్యాయి. వడదెబ్బ అనుకున్నారు అందరూ. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరి బోండాలు తెచ్చారు. మామూలుగా అయితే మంచిదే. కానీ కొబ్బరినీళ్లలో సోడియం తక్కువ, పొటాషియం చాలా ఎక్కువ. నాకు ముంచుకొస్తున్న ప్రమాదం సరిగ్గా ఆ రెండింటిదే. బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పడిపోతే, మా ఆయన, మరిది కలిసి కార్లో ఎక్కించారు. ఆస్పత్రికి వెళ్లేసరికి పై బీపీ 70. సోడియం 116 (135 నుంచి 145 మధ్య ఉండాలి). పొటాషియం 6.2 (ఐదు దాటకూడదు).

అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ నా చేతిని తిరగేసి అరచేతి గీతలు చూసింది. తర్వాత నోరు తెరవమని టార్చి వేసింది. "ఉప్పు ఎక్కువ తినాలనిపిస్తోందా అమ్మా?" అని అడిగింది. నేను తలూపాను. ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి డాక్టర్ ఆవిడే. కార్టిసాల్ పరీక్షకు రక్తం తీసి, రిపోర్ట్ కోసం ఆగకుండా, కార్టిసాల్ బదులు ఇచ్చే స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి ఎక్కించి, సెలైన్ పెట్టారు. గంటలో మనిషిలా కూర్చున్నాను అంటే అతిశయోక్తి అనుకుంటారు, కానీ అంతే జరిగింది.

జబ్బు పేరు అడిసన్స్ డిసీజ్. కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు పాడైపోవడం. ఒక్కోటి నాలుగైదు గ్రాములకు మించదు. మన దేశంలో వీటిని టీబీ కూడా తినేస్తుంది కాబట్టి స్కాన్ తీసి, అది కాదని తేల్చుకున్నారు. నా విషయంలో నా రోగనిరోధక వ్యవస్థే వాటిని నాశనం చేసింది. కార్టిసాల్ తయారుచేయమని అడ్రినల్‌ను పురిగొల్పే ఏసీటీహెచ్ అనే హార్మోను ఇంజెక్షన్ ఇచ్చి, అరగంట తర్వాత ఒకసారి, గంట తర్వాత ఒకసారి రక్తం తీసినా కార్టిసాల్ కదలలేదు. ఇక నల్లబడటం సంగతి: కార్టిసాల్ చాలడం లేదని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్‌ను ఎడాపెడా వదులుతుంది. అది చర్మంలో రంగు తయారుచేసే కణాల్ని కూడా రెచ్చగొడుతుంది.

ఐసీయూలో మొదటి రాత్రి నాకు బాగా గుర్తు. మంచం పక్కన యూరిన్ బ్యాగు వేలాడుతోంది. సాయంత్రం అడుగున ఏదో కొద్దిగా ఉంది. అర్ధరాత్రి దాటాక చూస్తే ఉబ్బిపోయి ఉంది. సిస్టర్ ఖాళీ చేసి వెళ్లిన కాసేపటికే మళ్లీ నిండింది. లేత రంగు, దాదాపు నీళ్లే. కిడ్నీలు పనిచేస్తున్నాయని మా ఆయన సంతోషపడ్డారు. డాక్టర్ ముఖం మాత్రం సీరియస్‌గా మారింది. కొన్ని గంటలకొకసారి సోడియం చూడమన్నారు, సెలైన్ తగ్గించారు, తెల్లవారుజామున డెక్స్‌ట్రోజ్ పెట్టారు. ఉప్పు తక్కువైన మనిషికి ఉప్పునీళ్లు ఆపి చక్కెరనీళ్లు ఎక్కించడమేంటని మా ఆయన గొడవపడబోయారు.

డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. ఒంట్లో నీళ్లను పట్టి ఉంచేది ఏడీహెచ్ అనే హార్మోను. పిట్యూటరీ వదులుతుంది. కార్టిసాల్ లేనప్పుడు అది అదుపు తప్పి ఎక్కువగా వస్తుంది. కిడ్నీలు నీళ్లు బయటికి పోనివ్వవు, రక్తంలో ఉప్పు పల్చబడిపోతుంది. అంటే నా సోడియం తగ్గడానికి ఉప్పు పోవడం సగం కారణమైతే, నీళ్లు పోకపోవడం మిగతా సగం. స్టెరాయిడ్ పడగానే ఏడీహెచ్ తగ్గింది, నిలవున్న నీళ్లన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. అలా వస్తే సోడియం గబగబా పెరుగుతుంది. చాలా రోజులుగా తక్కువ సోడియానికి అలవాటుపడిన మెదడు ఆ వేగాన్ని తట్టుకోలేదు. నరాల పొర దెబ్బతిని కాళ్లూచేతులూ, మాటా పడిపోవచ్చు. అందుకే 24 గంటల్లో ఎనిమిదికి మించి పెరగకుండా చూస్తున్నామన్నారు. మర్నాటికి నా సోడియం 124.

ఉప్పు ఎందుకు పోయిందో కోలుకున్నాక చదివి తెలుసుకున్నాను. లెక్కల మనిషిని కదా, అంకెలే ముందు ఆకట్టుకున్నాయి. కిడ్నీలు రోజుకు 180 లీటర్ల ద్రవం వడకడతాయి. అందులో కరిగి ఉండే ఉప్పు సుమారు కిలోన్నర. మనం తినేది పది గ్రాములో, కాస్త అటూఇటో. అంటే వడకట్టిన ఉప్పు దాదాపు మొత్తం వెనక్కి తీసుకోవాల్సిందే. చాలావరకు హార్మోన్ల ఊసు లేకుండానే వెనక్కి వచ్చేస్తుంది. చివరి గొట్టాల్లో మిగిలే రెండు శాతం మాత్రం ఆల్డోస్టిరాన్ అనే హార్మోను చేతిలో ఉంటుంది. దాన్ని తయారుచేసేది అడ్రినల్ గ్రంథులే. రెండు శాతమే కదా అనిపిస్తుంది. కిలోన్నరలో రెండు శాతం అంటే 30 గ్రాములు! రోజూ తినేదానికి మూడింతలు. మా నాన్న పొలం సాగర్ ఎడమ కాలువ కింద చివరి భూమి. పై కాలువంతా బాగున్నా, తూము దగ్గర నీళ్లు చూసే లస్కరు లేకపోతే ఏమవుతుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆల్డోస్టిరాన్ ఉప్పును లోపలికి లాగుతూ పొటాషియాన్ని బయటికి నెడుతుంది. అది లేకపోతే ఉప్పు పోతుంది, ఉప్పుతోపాటు నీళ్లూ పోతాయి, బీపీ పడుతుంది, పొటాషియం పేరుకుని గుండె లయ తప్పించే దాకా వెళ్తుంది. బీపీ పడిందని కిడ్నీలు పసిగట్టి రెనిన్ వదులుతాయి. ఆల్డోస్టిరాన్ కావాలని అడ్రినల్‌కు కబురు పంపే పద్ధతి అది. నా రిపోర్టులో రెనిన్ పైహద్దుకు ఎన్నో రెట్లు ఎక్కువుంది. కిడ్నీలు ఎంత కబురంపినా వినేవాళ్లే లేరు.

థామస్ అడిసన్ లండన్‌లో 1855లోనే ఈ జబ్బును వర్ణించాడు. మందు లేక రోగులు చనిపోతూనే ఉండేవాళ్లు. 1930ల్లో న్యూయార్క్‌లో రాబర్ట్ లోబ్ అనే డాక్టర్ వీళ్ల ఒంట్లోంచి సోడియం పోతోందని చూపించి, ఉప్పునే మందుగా ఇచ్చాడు. కొందరు నిలదొక్కుకున్నారు. ఆల్డోస్టిరాన్‌ను వేరుచేసింది 1953లో. ఈ రెంటికీ మధ్య, 1940లో అమెరికాలో విల్కిన్స్, రిక్టర్ అనే ఇద్దరు రాసిన ఒక కేసు చదివి ఆ రాత్రి నిద్రపోలేకపోయాను. మూడున్నరేళ్ల పిల్లవాడు. ఉప్పు గుప్పిళ్లతో తినేవాడు. మొదట నేర్చుకున్న మాటల్లో ఉప్పు ఒకటి. వేరే ఏదో సమస్యకని ఆస్పత్రిలో చేర్చి, అందరు పిల్లల్లాగే మామూలు తిండి పెట్టారు. వారం తిరిగేసరికి చనిపోయాడు. అడ్రినల్ గ్రంథులు పనిచేయడం లేదని తర్వాత తేలింది. పిల్లవాడు తనకు తానే వైద్యం చేసుకుంటున్నాడని ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు నేను రోజుకు మూడుసార్లు హైడ్రోకార్టిసోన్ వేసుకుంటాను. పొద్దున 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, సాయంత్రం 5. ఆల్డోస్టిరాన్ బదులు ఫ్లూడ్రోకార్టిసోన్, 0.1 మిల్లీగ్రాము మాత్ర ఒకటి. ఇది మా ఊళ్లో ప్రతి మందుల షాపులో దొరకదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. చెమటలో కూడా ఉప్పు పోతుంది కాబట్టి ఎండాకాలం డాక్టర్ మోతాదు పెంచుతారు, ఉప్పూ ఎక్కువ తినమంటారు. చలికాలంలో అదే మోతాదు ఉంచితే పాదాలు వాచి బీపీ 140 దాటింది, అప్పుడు తగ్గించారు. స్టెరాయిడ్ అనగానే బంధువులు భయపెడతారు. నా శరీరం చేసుకోవాల్సింది చేసుకోలేకపోతోంది, అదే నేను మింగుతున్నాను అని ఓపికున్నప్పుడు చెప్తాను, లేనప్పుడు తలూపి ఊరుకుంటాను.

జ్వరం వస్తే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు. వాంతులైతే మాత్ర కడుపులో నిలవదు, ఇంజెక్షన్ తప్పనిసరి. హ్యాండ్‌బ్యాగులో ఆ వయల్, సిరంజి, జబ్బు వివరాలు రాసిన కార్డు ఎప్పుడూ ఉంటాయి. మా ఆయన ఇంజెక్షన్ చేయడం నేర్చుకున్నారు. పోయిన ఏడు ఒక పెళ్లి భోజనం పడక వాంతులు పట్టుకుంటే, చీర కుచ్చిళ్లు పక్కకు లాగి తొడకు చేసేసి అప్పుడు కారు తీశారు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ గ్యాస్ట్రిక్ అనుకుని, "ముందు రిపోర్టులు రానివ్వండి" అన్నారు. మా ఆయన కార్డు ఆయన చేతిలో పెట్టి, "ముందు సెలైన్, హైడ్రోకార్టిసోన్ పెట్టండి సార్, రిపోర్టులు వచ్చేలోపు చదవండి" అన్నారు. ఆయన చదివారు, పెట్టించారు. సోడియం 131 వచ్చింది. మర్నాడు సాయంత్రం ఇంటికి పంపించేశారు. సోమవారం స్కూలుకు వెళ్లాను.