తోలు బకెట్ మీద పేరు

మేముండేది న్యూజెర్సీలో ఓ చిన్న టౌన్‌షిప్. ఇక్కడ ఫైర్ ఇంజన్ మీద వచ్చేవాళ్లకి జీతాలుండవని నాకు చాలా ఏళ్లు తెలియదు. ఓ రాత్రి బట్టల డ్రైయర్ గొట్టంలో పేరుకున్న నూగు అంటుకుని ఇల్లంతా పొగ కమ్మేస్తే, పిల్లల్ని చంకనేసుకుని బయటికి పరుగెత్తాం. కాసేపటికే వచ్చినవాళ్లలో మందుల షాపులో రోజూ కనిపించే కుర్రాడున్నాడు, స్కూల్ బస్సు నడిపే ఆవిడ ఉంది, మా పక్కింటి పెద్దాయన ఉన్నాడు. అందరూ వాలంటీర్లే. పొద్దున్నే మళ్లీ ఎవరి పనికి వాళ్లు.

ఆ పెద్దాయనే ఫిలడెల్ఫియాలోని ఫైర్‌మన్స్ హాల్ మ్యూజియం చూడమన్నాడు. నార్త్ సెకండ్ స్ట్రీట్‌లో, 1902లో కట్టిన పాత ఫైర్ స్టేషన్‌లోనే ఉంది అది. పిల్లలు ఎర్ర బండ్ల దగ్గరికి పరుగెత్తారు గానీ నేను మాత్రం తోలు బకెట్ల దగ్గర ఆగిపోయాను. 1736 డిసెంబర్ 7న బెంజమిన్ ఫ్రాంక్లిన్, స్నేహితులు కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ అనే వాలంటీర్ల దళం పెట్టుకున్నప్పుడు రాసుకున్న ఒప్పందం ప్రకారం ఒక్కొక్కరూ సొంత ఖర్చుతో రెండు తోలు బకెట్లు, నాలుగు గుడ్డ సంచులు సిద్ధంగా ఉంచుకోవాలి, వాటి మీద పేరులోని మొదటి అక్షరాలు వేయించాలి, ఇంకే పనికీ వాడకూడదు. బకెట్లు నీళ్లకి. సంచులు ఎందుకంటే, కాలుతున్న ఇంట్లోంచి సామాన్లు బయటికి చేరవేయడానికి, మూతి దగ్గర లాగితే బిగుసుకునే తాడుతో సహా. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు కాకుండా ముందే ఇంత వివరంగా ఆలోచించుకున్నారు!

ఇదంతా చూస్తుంటే మా ఊరు గుర్తొచ్చింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గడ్డివాము అంటుకుంటే, పక్క పూరిళ్ల మీద నిప్పురవ్వలు పడకుండా చెరువు నుంచి వరసగా నిలబడి బిందెలు అందించుకునేవాళ్లు, కొందరు ఇంటి కప్పులెక్కి తడిపిన గోనెపట్టాలు పరిచేవాళ్లు. వాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు, ఆ బిందెలు ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయాయి.

నాకనిపించేది, వాలంటీర్ల చరిత్ర అంటే మెరిసే హెల్మెట్లు, ఇత్తడి గంటలు మాత్రమే కాదు. ఫిలడెల్ఫియాలో ఈ కంపెనీలు మంట దగ్గరికి ఎవరు ముందు చేరాలో పోటీపడి వీధుల్లో కొట్టుకున్నాయి కూడా. 1818లో నల్లజాతి వాళ్లు తమ సొంత ఫైర్ కంపెనీ పెట్టుకోబోతే తెల్లవాళ్ల కంపెనీలు అడ్డుపడి దాన్ని ఆపించాయి. ఆ కొట్లాటలు, కొద్దిమందితోనే నడిచే, నీళ్లు చిమ్మే ఆవిరి యంత్రాల రాక, ఇవన్నీ కలిసి 1871లో జీతాలిచ్చే డిపార్ట్‌మెంట్ వచ్చేసింది. ఏ ఊరి మ్యూజియమైనా ఇలాంటివి దాచకుండా చెప్పాలి, చెప్తేనే ఆ వస్తువుల మీద నమ్మకం కలుగుతుంది.

మా టౌన్‌షిప్ స్టేషన్‌లో మ్యూజియం అంటూ లేదు, ఓ గాజు బీరువా ఉంది. అందులో పాత నాజిల్, రెండు తోలు హెల్మెట్లు, ఓ అట్టపెట్టె నిండా ఫోటోలు. తిప్పి చూస్తే చాలా ఫోటోల వెనక ఏమీ రాసి లేదు. అందులో ఉన్నవాళ్లని గుర్తుపట్టగలిగేది ఇప్పుడు ముగ్గురో నలుగురో, అందరూ డెబ్బై దాటినవాళ్లే. అందుకే నెల నుంచీ ఆదివారం సాయంత్రాలు పక్కింటాయన వంటింట్లో కూర్చుంటున్నాను. ఆయన ఫోటో చూసి చెప్తుంటే ఫోన్‌లో రికార్డ్ చేసి, పేర్లు మెత్తటి పెన్సిల్‌తో వెనక రాస్తున్నాను, పెన్ను సిరా ఏళ్లు గడిస్తే ముందు వైపుకి దిగుతుందట.

మొన్న ఒక ఫోటో దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. ఇంజన్ ముందు తొమ్మిదిమంది, కుడివైపు చివర ఎప్రన్ విప్పకుండానే వచ్చి నిలబడ్డ ఒకాయన. "బేకరీ ఆయన, పిండి చేతుల్తోనే వచ్చేసేవాడు" అన్నాడు. పేరు మాత్రం గుర్తు రాలేదు. ఆ ఫోటోని పక్కన పెట్టాం, వచ్చే ఆదివారం గుర్తుపట్టగలిగే మిగతావాళ్లని కూడా పిలుస్తానన్నాడు.